సున్నాలో సగమెంత?

ఏవోయ్ అబ్బాయ్, నిలబడే చదివేస్తున్నావేం? కూర్చో. కూర్చుని చదివే తీరిక కూడా లేని కాలం దాపురించింది. మా రోజుల్లో దిండి రేవులో పంటు కోసం నిలబడితే ఒక్కోసారి గంట పట్టేది. ఆ గంటలో పేపరంతా ప్రకటనలతో సహా చదివేసి, పక్కవాడికి వినిపించేసి, చివరికి అదే కాగితంలో వేరుశనక్కాయలు పోయించుకుని తినేవాళ్లం. ఇప్పుడు వంతెన వచ్చింది. బండెక్కి తుర్రుమంటే నాలుగు నిమిషాల్లో చించినాడ. వెళ్లి ఏం చేస్తావు? అక్కడో బడ్డీ దగ్గర కూర్చుని ఫోను చూస్తావు. అదేదో ఇవతలి గట్టు మీదే కూర్చుని చూస్తే ఫోను చూడనివ్వనంటుందా?

సరే, నేను చెప్పబోయేది వంతెన గురించి కాదు. పింఛను గురించి. నా పింఛను గురించి. ఇంకా వివరంగా చెప్పాలంటే, నాకు రాని పింఛను గురించి.

నేనంటే ఎవరనుకున్నావు? 1981 పంచాయతీ ఎన్నికల్లో గొడుగు గుర్తు మీద పదకొండు ఓట్ల మెజారిటీతో గెలిచిన వార్డు మెంబర్ని. నవ్వకు. ఆ పదకొండులో మూడు ఓట్లు మా ఇంట్లోవే అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు, అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. అప్పుడు నిజంగానే పార్టీలు లేవు, రెండు వర్గాలే ఉండేవి. ఇప్పుడు పార్టీలున్నాయి, వర్గాలూ ఉన్నాయి. అంతే తేడా.

మొన్న సంక్రాంతికి మా మనవడు హైదరాబాదు నుంచి వచ్చాడు. వస్తూనే, ‘తాతయ్యా, హౌస్‌బోటు ఎక్కుదాం’ అన్నాడు. అదేం చిత్రమో చూడు. ఆ గోదారి మీద నేను ఎరువు బస్తాల మధ్య, మేకల మధ్య, బొండాల గెలల మీద కూర్చుని ఎన్నివేల సార్లు దాటి ఉంటానో లెక్కలేదు. అప్పుడు కానీయో అర్ధణాయో తీసుకుని అవతలి గట్టుకి చేర్చేవాళ్లు. ఇప్పుడు వేలకు వేలు తీసుకుని, ఏ గట్టుకీ చేర్చకుండా, అలా తిప్పితిప్పి ఎక్కినచోటే దింపేస్తున్నారు. పైగా లోపల ఏసీ. గోదారి మీద గాలి లేకపోవడమేమిట్రా అంటే, ‘నీకు తెలీదు తాతయ్యా’ అన్నాడు. ఆ మాట అన్న తర్వాత ఇంక మనం మాట్లాడ్డానికి ఏముంటుంది?

ఆ పడవలో ఒక తెల్లాయన తగిలాడు. ఫ్రాన్సు నుంచి. నాకన్నా రెండు మూడేళ్లు చిన్నే ఉంటాడు. పులస దొరుకుతుందా అని అడిగాడు. వరదల్లో వచ్చే చేప, జనవరిలో! ఎవరో చెప్పి పంపి ఉంటారు. మా వాడు ఇంగ్లీషులో మాట కలిపాడు. ఆయన వాళ్ల ఊళ్లో మేరుకి కింద, అంటే మన ఉపసర్పంచి లాగా, రెండు మార్లు చేశాడట. అక్కడ మారుకి ఆరేళ్లు. వాళ్ల దేశంలో ఇలాంటి ఊళ్లూ పట్నాలూ ముప్పై అయిదు వేల దాకా ఉన్నాయట, ప్రతిదానికీ ఒక మేరు. మనది పెద్ద దేశం అనుకుంటాం గానీ, కుర్చీల విషయంలో వాళ్లేం తీసిపోలేదు. సరే, నేనూ మెంబర్నే అని మా వాడి చేత చెప్పించాను. ఆయన టోపీ తీసి దణ్ణం పెట్టాడు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వెంటనే, ‘మరి మీకు పింఛను ఎలా లెక్కకడతారు?’ అని అడిగేశాడు. నాలుగంగుళాలు తగ్గింది.

మేరు అంటే నీకు తెలియకపోవచ్చు. యానాం వాళ్లనడుగు, చెబుతారు. యానాం ఫ్రెంచి వాళ్లది కదా, 1954 జూన్ 13 దాకా. గోదారి పాయ దాటితే మరో దొరతనం. మా పెద్దత్తయ్య పెళ్లి యానాంలోనే జరిగింది. ఆవిడకప్పుడు తొమ్మిదేళ్లు. శారదా చట్టం 1929లో వచ్చి ఇక్కడ బాల్య వివాహాలు చేస్తే కేసులు పెడుతున్నారని, చుట్టుపక్కల జిల్లాల వాళ్లంతా పెళ్లివారిని పడవలెక్కించుకుని యానాం పోయేవారు. అక్కడ ఆ చట్టం చెల్లదు. చూశావా, ఆ రోజుల్లో చట్టాన్ని తప్పించుకోవాలన్నా బంధువులందరినీ వెంటబెట్టుకుని, మేళతాళాలతో, పద్ధతిగా తప్పించుకునేవారు. (ఇది మెచ్చుకోవలసిన సంగతి కాదని మా మనవరాలు చెప్పింది. నిజమే, కాదు.) ఆ యానానికి మునిసిపాలిటీ, దానికొక మేరు ఉండేవారు. ఇప్పుడు? పుదుచ్చేరిలో స్థానిక ఎన్నికలు ఆఖరుసారి జరిగింది 2006లో, అదీ 38 ఏళ్ల తర్వాత. వాళ్ల గడువు 2011లో తీరిపోయింది. మేరు పింఛను మాట దేవుడెరుగు, అసలు మేరే లేడు.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఫ్రెంచాయన. ఆయన లెక్క చెప్పాడు. మా వాడు తెలుగు చేశాడు. మేరుకీ, ఆయన కింది వాళ్లకీ ఊరి జనాభాని బట్టి నెలకింత అని భత్యం. అందులోంచి కొంత కోస్తారు, ఊరి ఖజానా నుంచి ఇంకొంత కలుపుతారు. ఆ డబ్బుతో పాయింట్లు కొంటారు. ఏడాదికేడాది పాయింట్లు పోగవుతాయి. పదవి దిగి, వయసు మళ్లాక, ఆ పాయింట్లని ఆనాటి పాయింటు ధరతో హెచ్చవేస్తే ఎంతొస్తే అంత పింఛను. 1973 నుంచీ అక్కడ ఇదే పద్ధతట.

నాకు ఠక్కున అర్థమైపోయింది. మా వాడికి అర్థం కాలేదు, తెలుగు చేసినవాడికి! ఇది మన పాలకేంద్రం లెక్కే కదరా అన్నాను. పొద్దున్నే క్యానులో పాలు పోస్తే గరిట ముంచి, మిషన్లో పెట్టి, వెన్న ఎన్ని పాయింట్లో చీటీ మీద రాసి, పాయింటుకింత అని పదిహేను రోజులకోసారి డబ్బు లెక్కకట్టి ఇస్తారు చూడు, అదే. గేదె పాలలో వెన్న ఎంతో, మేరు సేవలో వెన్న అంత. ఎక్కువ నీళ్లు కలిపినవాడికి తక్కువ. తెల్లాయనకి ఇది చెప్పించాను. ఆయన పడీపడీ నవ్వి, తన పాలలో నీళ్లే ఎక్కువనీ, నెలకి ఆ పింఛనుతో భార్యాభర్తలు ఒకసారి హోటల్లో భోంచేస్తే అయిపోతుందనీ చెప్పాడు. ఎంతొస్తే ఏం? ఆ కాగితం మీద ఆయన పేరుంది. ఊరికి ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా చేశాడని ఒక గుమస్తా ఎక్కడో లెక్కకట్టి రాశాడు. నాకది గుచ్చుకుంది.

ఇంటికొచ్చి క్యాలెండరు వెనక పక్క పెన్సిలుతో నా పింఛను లెక్కకట్టడం మొదలుపెట్టాను.

ముందు మా తోడల్లుడి పద్ధతి. ఆయన మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. పాత పద్ధతిలో పూర్తి సర్వీసు చేసినవాడికి ఆఖరి జీతంలో సగం పింఛను. దాని మీద కరువుభత్యం. నెల తిరిగేసరికి బ్యాంకులో పడిపోతుంది. అందుకే ఆయనకి ఎనభై దాటినా జబ్బు చెయ్యలేదు. (2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన వాళ్లకి అది లేదు, వాళ్లది చందాల పింఛను. మా చిన్నాడు ఆ గోలలోనే ఉన్నాడు, వాణ్ణి కదిపితే నాకన్నా ఎక్కువ సణుగుతాడు. ఆ ఒక్క విషయంలో నా పోలికే.) నా ఆఖరి జీతం ఎంత? సున్నా. సున్నాలో సగమెంత? చాలాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత పార్లమెంటు మెంబర్ల పద్ధతి. వాళ్లకీ మొదట్లో పింఛను లేదు తెలుసా? 1952లో తొలి లోక్‌సభకి వెళ్లినవాళ్లు ధోవతి దులుపుకుని తిరిగొచ్చారు. 1976లో చట్టం మార్చి, అయిదేళ్లు చేసినవాళ్లకి నెలకి 300 రూపాయలు అన్నారు. ఆపైన ఏడాదికి 50, మొత్తం మీద 500 దాటకుండా. తర్వాత 2004లో అయిదేళ్ల నియమం కూడా తీసేశారు, ఒక్కరోజు కూర్చున్నా చాలు. ఇప్పుడది 31,000. అయిదేళ్లు దాటాక ప్రతి ఏడాదికీ 2,500 చొప్పున అదనం. ధరలు పెరిగితే దానంతట అదే పెరిగే ఏర్పాటు కూడా పెట్టుకున్నారు. ఇది చూసి కళ్లు కుట్టినవాళ్లు కోర్టుకెళితే, పార్లమెంటు తేల్చుకోవలసిన సంగతి ఇది, మాది కాదు అని సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. ఎవరి పింఛను వాళ్లే లెక్కకట్టుకునే వీలుంటే ఇంతకన్నా తక్కువ వేసుకునే అమాయకుడు మన కోనసీమలో కూడా ఉండడు.

ఆ లెక్కన నాకు: 1981లో ఒక అయిదేళ్లు, 1988లో ఒక అయిదేళ్లు, వెరసి పదేళ్లు. మొదటి అయిదేళ్లకి 31,000. తక్కిన అయిదేళ్లకి అయిదు ఇంటు 2,500, అంటే 12,500. మొత్తం నెలకి 43,500 రూపాయలు. పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశాను.

మా ఆవిడ బియ్యం ఏరుతూ, ‘1988లో మీరు ఓడిపోయారు కదండీ’ అంది.

అది నిజమే. నేను మర్చిపోలేదు, కానీ గుర్తుచేసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు. పన్నెండు వేల అయిదొందలు కొట్టేశాను. అంత డబ్బు నేను జీవితంలో ఏ వ్యాపారంలోనూ ఒక్క మాటతో పోగొట్టుకోలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఊళ్లలో చేసిన సేవ ఏ లెక్కలోకీ రాదు. ఎమ్మెల్యేకి పింఛనుంది, ఎంపీకి ఉంది, సర్పంచికి లేదు, మెంబరుకి లేదు, జడ్పీటీసీకి లేదు. మన కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి గారు ఎక్కడ మొదలుపెట్టారు? 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు చైర్మనుగా. ఆ తర్వాతే పార్లమెంటూ, 1998లో స్పీకరు కుర్చీనూ. ఆ మహానుభావుడు 2002లో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు, యాభై ఒక్క ఏళ్లు కూడా నిండలేదు. పార్లమెంటు మెంబర్ల పింఛను చట్టం ప్రకారం లెక్క చూస్తే, ఎవరికైనా సరే, ఢిల్లీలో కూర్చున్న రోజులే లెక్క. జిల్లా పరిషత్తులో ఊరూరా తిరిగి రోడ్లకీ బళ్లకీ డబ్బు పంచిన రోజులు ఉత్తివి. గేదె ఇక్కడ మేత మేసి, అక్కడ పాలిస్తే, అక్కడి గరిటకే విలువ.

పోనీ పింఛను లేదు, జీతమైనా ఉందా? గౌరవ వేతనం అని ఒకటి పెట్టారు. పేరులో గౌరవం పెట్టినప్పుడే అనుమానించాలి, డబ్బు తక్కువ ఉంటుందని. మన రాష్ట్రంలో సర్పంచికి నెలకి 3,000. ఎంపీటీసీకి అంతే. జడ్పీటీసీకి 6,000. అవతల తెలంగాణలో 2021లో పెంచి సర్పంచికి 6,500 చేశారు. ఇక్కడ మొన్నటిదాకా వీధిలో యాభై ఇళ్లు చూసుకునే వలంటీరు కుర్రాడికి 5,000 ఇచ్చారు, ఊరంతా చూసే సర్పంచికి మూడు. వలంటీరు వస్తుంటే సర్పంచి పక్కకు తప్పుకోవలసి వచ్చిందంటే తప్పుకోడా మరి? రెండు వేలు పెద్దవాడు కదా! ఇప్పుడు ఆ వలంటీర్లూ లేరు. మూడు వేలు మాత్రం అలాగే ఉంది, రేవులో పాత పంటు లాగా.

ఇక్కడ నువ్వు, ‘మరి మీ రోజుల్లో ఎంత ఇచ్చేవారు తాతగారూ?’ అంటావు. అడుగుతావనే చూస్తున్నాను. ఏమీ ఇచ్చేవారు కాదు! మీటింగు రోజున టీలూ జంతికలూ కూడా ప్రెసిడెంటు గారింటి నుంచే వచ్చేవి. సమితి ఆఫీసుకి వెళ్లాలంటే సైకిలు మాది, పంక్చరు మాది. కాకినాడ కలెక్టరేటుకి వెళ్లాలంటే తెల్లవారుజామున బయల్దేరితే అర్ధరాత్రికి కొంపకి చేరేవాళ్లం, మజ్జిగన్నం మూటతో. ఇప్పుడు జిల్లా అమలాపురం వచ్చేసింది, 2022 నుంచి. పొద్దున వెళ్లి భోజనానికి వచ్చేయొచ్చు. దారి దగ్గరయ్యాక అర్జీ పెట్టేవాడికి ఓపిక తగ్గింది. మా రోజుల్లో అంత దూరం వెళ్లాం కదా అని అర్జీ మీద సంతకం పెట్టించుకునేదాకా ఆ వరండా వదిలేవాళ్లం కాదు. ఇప్పుడు ఫోన్లో ఫొటో తీసి పంపేసి, రెండు నీలం గీతలు వచ్చాయా లేదా అని చూసుకుంటున్నారు.

పంచాయతీ పని అంటే ఏమిటి? వీధి దీపం వెలిగించడం, మురుగు తీయించడం, చెరువు గట్టు, పన్ను వసూలు. అంతకన్నా పెద్ద పని రేవులో జరిగేది. పంటు అవతలి నుంచి వచ్చేలోపు, ఆ రావిచెట్టు కింద రెండు గొడవలు తీరిపోయేవి. ఒకటి కొత్తగా మొదలయ్యేది. ఇద్దరూ ఒకే పంటు ఎక్కాలి కాబట్టి మధ్య గోదారిలో దెబ్బలాడుకోలేరు. అందుకని రాజీ పడేవారు. వంతెన మీద ఎవడి బండి వాడిదే. నేనంటే చాదస్తం అంటారు గానీ, ఈ ఊళ్లో సివిల్ కేసులు పెరగడానికి వంతెన కారణమని నా అభిప్రాయం. మా తోడల్లుడు ఒప్పుకోడు. ఆయనకి గుండెపోటు వచ్చిన రాత్రి ఆ వంతెన మీంచే పాలకొల్లు తీసుకెళ్లారు కాబట్టి ఆయన అలాగే అంటాడు. జబ్బు చెయ్యలేదని ఇందాక అన్నానా? ఆ ఒక్కసారి చేసింది.

ఇక 1986 ఆగస్టు. అది చెప్పకుండా నా మెంబరుగిరీ గురించి చెప్పినట్టు కాదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది నీరు. ఆ అంకె అప్పుడు మాకు తెలియదు, తర్వాత పేపర్లో చదివాం. మాకు తెలిసిందల్లా ఒక్కటే, వశిష్ఠ గట్టు మీద నిలబడితే నీరు కాళ్ల దగ్గరకొచ్చింది. గోదారి శబ్దం మారిపోయింది. రోజూ వినే శబ్దం కాదది, మరుగుతున్న ఎసరు శబ్దం. మూడు రాత్రులు గట్టు మీదే. ఇసుక బస్తాలు, తాటి మొద్దులు, కొబ్బరి మట్టలు, గడ్డి మోపులు, ఎవరి పెరట్లో ఏది ఉంటే అది తెచ్చి పడేశారు. ఎక్కడ బుంగ పడుతుందో అని లాంతర్లు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి. ఆడవాళ్లు పిల్లలకి అన్నాలు పెట్టి, బియ్యం డబ్బాలు అటక మీదకెక్కించి, మళ్లీ గట్టెక్కి వచ్చేవారు మాకు టీలు పట్టుకుని. అప్పటికి మా అయిదేళ్లు నిండాయా లేదా అని గట్టు మీద ఎవడూ అడగలేదు. మెంబరుగారూ ఇటు రండి అంటే ఇటు, అటు రండి అంటే అటు. ఆ మూడు రాత్రులకి భత్యం ఎంత, పాయింట్లు ఎన్ని?

అని గట్టిగా అడుగుదామనే కూర్చున్నాను. కానీ క్యాలెండరు వెనక రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. నేను ఆ మూడు రాత్రులూ చేసింది ఎక్కువగా లాంతరు పట్టుకోవడమే. బస్తాలు మోసింది పేట కుర్రాళ్లు.

వాళ్ల పేట నుంచి కూడా ఒక మెంబరుండేవాడు, నాతోపాటు గెలిచినవాడే. నాకు పదకొండు ఓట్ల మెజారిటీ అయితే ఆయనకి ఎనభై పైన. కొబ్బరి దింపు పని. కాళ్లకి తాడు, నడుముకి కత్తి, ఉడత లాగా ఎక్కేవాడు. మా మీటింగు పొద్దుట పది గంటలకి. పది ఎందుకంటే, మాకు టిఫిన్లయ్యి, పేపరు చదవడం అయ్యే వేళ. ఆయనకి అది చెట్టు మీద ఉండే వేళ. మీటింగుకి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. మొదట్లో వచ్చేవాడు. చొక్కా తొడుక్కుని వచ్చి బల్ల చివర కూర్చునేవాడు. ఏమంటావ్ అంటే, ‘ఆయ్, తమరెలాగంటే అలాగేనండి’ అనేవాడు. సాయంత్రం పెడితే బాగుంటుందండి అని ఒకసారి అన్నాడు. చూద్దాంలే అన్నాం. చూళ్లేదు. తర్వాత రావడం తగ్గించాడు. వరసగా రానివాడికి మెంబరుగిరీ పోతుందని ఒక రూలుంది. పుస్తకంలో గైర్హాజరు, గైర్హాజరు అని రాసి కింద మేమంతా సంతకాలు పెట్టాం. నా సంతకం మూడోది. అందంగా ఉండేది నా సంతకం.

ఇప్పుడు రాస్తుంటే ‘ఆయన’ అని వస్తోంది. అప్పుడు నోటికి అలా వచ్చేది కాదు.

అంచేత, మా రోజుల్లో పైసా పుచ్చుకోకుండా ఊరికి సేవ చేశాం అని నేను అన్నప్పుడు, మా ఆవిడ, ‘మీకు రెండు నెలలకో దింపు వచ్చేది, అదీ మీ పింఛను’ అంటుంది. ప్రెసిడెంటు గారికైతే నలభై ఎకరాలు. నలభై ఎకరాలున్నవాడికి గౌరవ వేతనం ఇస్తామంటే చిన్నతనంగా ఉండదూ? అప్పుడు వద్దన్నది అందుకు. కరణం, మునసబు 1984లో పోయారు, ఆ దర్జా మాత్రం మాలో ఇంకో పదేళ్లు మిగిలింది. ఇప్పుడు కుర్చీల్లో సగం ఆడవాళ్లకి, వాళ్లకి తోడు రిజర్వేషన్లలో గెలిచిన కూలీనాలీ చేసుకునే వాళ్లు. రోజు కూలి మానుకుని వచ్చినవాళ్లకి నెలకి మూడు వేలంటే ఏ మూలకి? ఇది నేనన్నానని మా వర్గం వాళ్లకి చెప్పకు. అక్కడ నేను ఇంకా, డబ్బు వచ్చాకే పంచాయతీ చెడింది అనే అంటున్నాను.

నాకు పింఛను అసలు రావడం లేదని అనుకునేవు, వస్తోంది. ముసలివాణ్ణి అయినందుకు. భూమంతా పిల్లలకి పంచేశాక అరవై సెంట్లు మిగిలింది కాబట్టి అర్హుణ్ణని తేల్చారు. 2024 జులై నుంచి నెలకి 4,000. చూశావా ఈ లెక్క? ఊరి భారం మోస్తే మూడు వేలు, ఊరికి భారమైతే నాలుగు. 1995లో కేంద్రం వాళ్లు ముసలివాళ్ల పింఛను పెట్టినప్పుడు అది 75 రూపాయలు. అప్పట్లో పేటలో ఆ దింపు మెంబరు పేరు రాయించమని నా దగ్గరికొచ్చాడు. అప్పటికి నేను మెంబర్ని కాదు, అయినా వచ్చాడు. రాయించాను. అదొక్కటీ చేశాను లే. ఆయనకి మొదటిసారి డబ్బు వచ్చినప్పుడు రెండు బొండాలు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లాడు. మా చెట్టు బొండాలే అనుకో.

ఒకటో తారీఖు తెల్లవారకుండానే సచివాలయం అమ్మాయి వచ్చేస్తుంది. నాకు ఇవన్నీ నచ్చవు. ఇంటికొచ్చి డబ్బిచ్చి వెళ్లడమేమిటి, మనిషి నాలుగడుగులు నడిచి, చావిడి దగ్గర నలుగురితో మాట్లాడి తెచ్చుకోవాలి గానీ. ఈ మాట ఆ అమ్మాయితో ప్రతి నెలా అంటాను. ప్రతి నెలా నాలుగింటికే లేచి, స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చునే ఉంటాను, ఆలస్యమైతే రెండు సార్లు వీధి చివరిదాకా వెళ్లి చూసొస్తాను. ఆ అమ్మాయి మిషను మీద వేలు పెట్టమంటుంది. మా రోజుల్లో వేలిముద్ర అంటే సంతకం రానివాడి పని. సంతకం పెట్టేవాడు దర్జాగా కలం విప్పేవాడు. ఇప్పుడు ఎవడైనా ఒకటే, వేలు పెట్టు. నా వేలు అరిగిపోయి మిషనుకి అందదు. ‘గట్టిగా నొక్కండి తాతగారూ’ అంటుంది. నొక్కుతాను. అవదు. అప్పుడు మొహం చూపించమంటుంది. మొహం చూస్తే వెంటనే ఒప్పుకుంటుంది మిషను, ముసలివాడే అని.

ఈ నెల ఆ నాలుగు వేలూ మా ఆవిడ చేతిలో పెట్టి, క్యాలెండరు వెనక్కి తిప్పి మళ్లీ లెక్కలో పడ్డాను. ఫ్రెంచి పద్ధతిలో నాకు పాయింట్లు ఎన్నొస్తాయో తేల్చాలని. ‘ఆ లెక్కలు ఆపి ఇటు రండి, దింపువాడొచ్చాడు’ అని దొడ్లోంచి కేక. వెళ్లాను. బండి మీద వచ్చాడు కుర్రాడు, చెవిలో ఏదో పెట్టుకుని. ఆ పేటవాడే, ఆ మెంబరు మనవడే. చెట్టుకింత అని రేటు చెప్పాడు. ‘మా రోజుల్లో...’ అని ఎత్తుకున్నాను. చెవిలోది తీసి, ‘ఏటండీ?’ అన్నాడు. ఏం లేదులే, ఎక్కు అన్నాను.

ఎక్కాడు. తాత లాగే, ఉడతలా. కాయలు దిగాయి. డబ్బు ఫోనులో వేయమన్నాడు, అది మా ఆవిడకే వచ్చు. నేను కాయలు లెక్కపెట్టాను. 142. మా ఆవిడ లెక్కపెడితే 138 వచ్చాయి.